బ్లీచ్ పోసిన దోసె పిండి

మొన్న శనివారం మినపప్పు కోసం సస్కటూన్‌లో మన సరుకులు దొరికే షాపుకి వెళ్తే, పెరుగు డబ్బాల పక్కన దోసె పిండి డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. తెల్ల డబ్బా, ఎర్ర మూత. మూత మీద ఎప్పుడు చేశారో ఆ తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ. ఒక డబ్బా తీసి మూత దగ్గర ముక్కు పెట్టాను. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "కొననిదానికి వాసన జూసుడేంది, కౌంటర్ కాడి పిల్ల మన దిక్కే జూస్తున్నది" అంది. నాకు పిండి వాసన రాలేదు. బ్లీచ్ వాసన వచ్చింది. ఆ డబ్బాలో బ్లీచ్ ఉండదని నాకూ తెలుసు. అది నా ముక్కులోనే ఉంది. ఏడేళ్ల కింద ఒక జనవరి నెలలో ఎక్కింది, ఇంకా దిగలేదు.

ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి పుస్తకం వేస్తున్నారు. వాళ్ల సెక్రటరీ గారు రెండుసార్లు ఫోన్ చేసి, "మాస్టర్ గారూ, దోసె గురించి మీరొక పేజీ రాయాలండీ" అన్నారు. నేను ఐదో తరగతి దాటలేదు. కలం పట్టుకుంటే అట్లకాడ పట్టుకున్నట్టే పడుతుంది చేతికి. వారం రోజులు కాగితం ముందర కూర్చుని లేచాను. వాళ్లకి కావలసింది దోసె ఎర్రగా ఎట్లా వస్తుందో అని నాకు తెలుసు. అది నేను రాయను. అప్పట్లో హోటల్లో నా దోసెలు తిన్నవాళ్లలో ఒక్కరు కూడా వంటగదిలోకి తొంగి చూసి, నువ్వెవరు, ఎట్లా ఉన్నావని అడగలేదు. అందుకని నాకు గుర్తున్నదే రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే లేదు.

నేను జగిత్యాల దగ్గర పల్లెలో పుట్టాను. దోసె పొయ్యడం మాత్రం మస్కట్‌లో నేర్చుకున్నాను, ఉడిపి నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర. కొత్తగా చేరినవాళ్లకి ఆయన ఒక పరీక్ష పెట్టేవాడు. ఒకే పిండిని గిన్నెల్లో పోసి, ఒక్కొక్కరి చేత ఒక్కో గిన్నె కలిపించి మూత పెట్టేవాడు. తెల్లారి ఎవరి గిన్నె ఎక్కువ పొంగితే వాళ్లు పొయ్యి దగ్గర, మిగతావాళ్లు అంట్ల దగ్గర. నా గిన్నె పొంగి మూతని లేపి పక్కకి తోసింది. ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మంచి చెయ్యి అన్నాడు. బళ్లో నన్నెవరూ ఏ విషయంలోనూ మెచ్చుకోలేదు. ఆ రోజు నుంచి నాకు చదువు లేదన్న బాధ సగం పోయింది, చెయ్యి ఉంది కదా అని.

పన్నెండేళ్ల తర్వాత సస్కటూన్ నుంచి ఒక హోటల్ ఓనరు దోసె మాస్టర్ కావాలని మస్కట్ దాకా కబురు పెట్టాడు. ఆయనది గుంటూరు వైపు. అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం చేసి, అది విసుగొచ్చి ఇక్కడికొచ్చి హోటల్ తెరిచాడు. ఉల్లిపాయ కొయ్యడం రాదు. గరిటె ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. గోడ మీద పెద్ద దేవుడి పటం, దాని కింద కంప్యూటర్, దాని వెనక ఆయన. నా వర్క్ పర్మిట్ ఆ హోటల్ పేరు మీదే వచ్చింది. అంటే నేను ఈ దేశంలో దోసె పొయ్యొచ్చు, కానీ ఆయన పెనం మీద మాత్రమే. ఇంకో పెనం మీద పోస్తే నేరం. పర్మిట్ అయిపోయే ముందు ఆయన మళ్లీ సంతకం పెట్టాలి. పెట్టకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. మా ఆవిడని తెచ్చుకోవడం కూడా ఆ సంతకం మీదే ఉంది.

నవంబర్‌లో దిగాను. చలి గురించి అందరూ రాస్తారు, నేను రాయను. నాకు చలి కంటే మనుషుల మీద ఎక్కువ కోపం వచ్చేది. బస్‌స్టాప్‌లో నిలబడితే పక్కన వచ్చినాయన హౌ ఆర్ యూ అంటాడు. సరే, పాపం అడిగాడు కదా, మోకాలు నొప్పిగా ఉందని నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టేసరికి ఆయన అవతలికి తిరిగి ఫోన్ చూసుకుంటాడు. జవాబు వద్దనుకున్నప్పుడు అడగడం ఎందుకు? నేనుండే బేస్‌మెంట్‌లో పోపు వేస్తే పొగ గంట మోగేది, పైనున్న ముసలామె చీపురు కర్రతో నేల మీద మూడుసార్లు కొట్టేది, తెల్లారి మెట్ల మీద ఎదురైతే నవ్వి గుడ్ మార్నింగ్ చెప్పేది. కొట్టిన మనిషీ నవ్విన మనిషీ ఒకరేనా అని నేను తికమకపడేవాణ్ని. చెత్తకి మూడు రంగుల డబ్బాలు. కరివేపాకు పచ్చ డబ్బాలో వెయ్యాలా నల్ల డబ్బాలో వెయ్యాలా అని ఆలోచించి ఆలోచించి, జేబులో పెట్టుకుని హోటల్‌కి తీసుకుపోయిన రోజులున్నాయి. దగ్గు పట్టుకుంటే క్లినిక్‌లో అయిదు గంటలు కూర్చోబెట్టి, చివరికి డాక్టరు బల్ల మీద ఫోన్ పెట్టాడు. అందులోంచి ఒకామె తెలుగు మాట్లాడింది. నేను దగ్గింది తెలుగులో చెప్తే ఆమె ఇంగ్లీషులో చెప్పింది. మందేమీ ఇవ్వలేదు, నీళ్లు తాగమన్నారు. నీళ్లు తాగమని చెప్పడానికి ముగ్గురు మనుషులు.

ఆ చలిలో పిండి పొంగలేదు. మధ్యాహ్నం రుబ్బి పెడితే తెల్లారికి ఎట్లా పెట్టింది అట్లాగే, గోడకి వెయ్యని సున్నంలాగా ఉండేది. దోసెలు పెనానికి అతుక్కుపోయేవి. ఓనరు వచ్చి రెండు వేళ్లతో దోసె అంచు పట్టుకుని, "ఏందయ్యా ఇది, మస్కట్ మాస్టరని తెస్తే అట్ట పోస్తున్నావు" అన్నాడు. హోటల్ కింద ఒక చిన్న గది ఉంది. బిల్డింగ్ అంతటికీ వేడి గాలి పంపే ఫర్నేసు, నీళ్లు కాగే ట్యాంకు అక్కడే. ఆయనే నన్ను అక్కడికి తీసుకుపోయి, "ఇదిగో, ఇక్కడ పెట్టు. ఇంతకంటే వెచ్చని చోటు ఈ ఊళ్లో లేదు" అన్నాడు. నాకూ నచ్చింది. రెండు పెద్ద బకెట్లు ట్యాంకుకి ఆనించి, మస్కట్ నుంచి తెచ్చుకున్న నా రగ్గు చుట్టూ కప్పాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి కలిపాను. తెల్లారి చూస్తే బకెట్ మూత కింద పడి ఉంది. నేను ఆ గదిలో ఒక్కణ్నే నవ్వాను. ఈ దేశం వచ్చిన రెండు నెలల్లో అదే మొదటిసారి నవ్వడం.

జనవరిలో ఒకరోజు పది గంటలకి, హోటళ్ల శుభ్రం తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చెప్పి రారు వీళ్లు. పొడుగ్గా, సన్నగా, జుట్టు వల కింద దోపుకుని, చేతిలో పలక లాంటి కంప్యూటర్. ఫ్రిజ్‌లు చూసింది, పొయ్యి చూసింది, చేతులు కడిగే తొట్టి చూసింది. తర్వాత కిందికి దిగే మెట్లు చూసింది. నేనప్పుడు ఫర్నేస్ గదిలో ఉన్నాను. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడుకి తిరిగేసరికి నా కుడిచెయ్యి మోచేతి దాకా పిండిలో ఉంది, బకెట్‌కి రగ్గు చుట్టి ఉంది, పక్కన తుడిచే కర్ర ఆనించి ఉంది.  ఆమె సంచిలోంచి వేడి కొలిచే పొడుగాటి సూది తీసి పిండిలో గుచ్చి అంకె చూసింది. మళ్లీ ఇంకో బకెట్‌లో గుచ్చింది. ఓనరు పరుగున దిగి వచ్చాడు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

"పైకి మొయ్యి. పారబొయ్యాలంట" అన్నాడు ఓనరు.

"ఎందుకు సార్, పిండి మంచిగ పొంగింది గద."

"పొంగింది కాబట్టే. ఆ వేడిలో పురుగులు పెరుగుతాయంట, జనం చస్తారంట. ముందు మొయ్యవయ్యా."

బకెట్లు నేనే మోసుకుని పైన పెద్ద తొట్టి దగ్గరికి తెచ్చాను. వంచబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. బ్లీచ్ సీసా తెరిచి రెండు బకెట్లలోనూ పోసింది. మళ్లీ ఎవరూ తీసి వాడకుండా అట్లా చేస్తారట. పిండి మీద బుడగలు బుడగలుగా ఉన్నచోట నీళ్లలాంటి గీత పడి, పుల్లటి వాసన పోయి ఆస్పత్రి వాసన వచ్చింది. పోస్తూ పోస్తూ ఆమె నావైపు చూసి "సారీ" అంది. ఈ దేశంలో తలుపు తగిలినా సారీ, తలుపు మొహం మీద వేసినా సారీ. అన్నం పెట్టే వస్తువులో విషం పోసి సారీ చెప్పిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నాకు ఆ ఒక్క ఇంగ్లీషు మాట మీద ఇప్పటికీ అసహ్యం. ఎవరైనా అంటే తల తిప్పుకుంటాను.

ఆమె వెళ్లిపోయాక ఓనరు గోడ మీద మెనూ బోర్డులో దోసెల వరస మొత్తం గుడ్డతో తుడిచేశాడు. మళ్లీ పరీక్షకి వచ్చేదాకా రుబ్బిన పిండితో దోసెలు వద్దని చెప్పి పోయిందట.

"రేపట్నుంచి ప్యాకెట్ పిండి. నీళ్లు కలుపు, సోడా వెయ్యి, పెనం మీద పొయ్యి. అది వేసుకోవచ్చంట" అన్నాడు.

"అది దోసె గాదు సార్. అది నేను పొయ్య."

"పొయ్యకపోతే నువ్వెందుకు నాకు? దోసె మాస్టరని రాసి తెచ్చా నిన్ను గవర్నమెంటు దగ్గర. ప్యాకెట్ కలపడానికి మాస్టర్ ఎందుకు, నేనే కలుపుతా. ఏప్రిల్‌లో నీ కాగితం వస్తది సంతకానికి. అప్పుడు ఆలోచిద్దాం."

ఆ మాట ఆయన అరిచి చెప్పలేదు. టూత్‌పిక్ నమలుతూ చెప్పాడు.  మర్నాడు ప్యాకెట్ పిండి నీళ్లలో కలిపాను. సోడా వేశాను. పోశాను. దోసె అనడానికి నోరు రాని ఆ అట్టని తిని, మన తెలుగువాళ్లు ఒకాయన చెయ్యి కడుక్కుంటూ, "ఈ మధ్య కొత్త మాస్టరా, దోసె మెత్తగా బాగుంది" అన్నాడు. సంఘం వాళ్లు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

పదిహేను రోజులకి ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ వచ్చింది. పొద్దున్నే ఓనరు నాతో, "నేను మాట్లాడతా. నువ్వు నవ్వుతా తలూపు, చాలు" అని చెప్పి ఉంచాడు. ఆమె వంటగదిలో నిలబడి, ఆ బకెట్లు కింద ఎవరు పెట్టారని అడిగింది. ఓనరు రెండు చేతులూ చాపి, ఐ డోంట్ నో అన్నాడు. హీ అన్నాడు, నన్ను చూపించాడు. నో పర్మిషన్ అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ, మస్కట్‌లో పన్నెండేళ్లు వంటగదిలో ఉన్నాను. వంటగదిలో తప్పు ఎవరి మీద పడుతోందో తెలుసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.  చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని ఆమె దగ్గరికి పోయి, "మేడం, మీ టాక్. తెలుగు. ఫోన్" అన్నాను. క్లినిక్‌లో దగ్గుకి పెట్టారు కదా, దీనికి పెట్టరా అని. ఆమె తన ఫోన్ తీసి ఏదో నంబరు కొట్టింది. ఓనరుకి ఇది నచ్చలేదు. కానీ ఇన్‌స్పెక్టర్ ముందు కాదనలేక, కాఫీ తెస్తానని ముందు గదిలోకి వెళ్లాడు. ఆమెని మంచి చేసుకోవడానికి ఫిల్టర్ కాఫీ ఒకటి కలపడం ఆయన పద్ధతి.

ఫోన్ స్టీలు బల్ల మీద పెట్టారు. అందులోంచి ఆడమనిషి గొంతు వచ్చింది, రేడియోలో వార్తలు చదివినట్టు. "నమస్కారమండీ. నేను ఇంటర్‌ప్రిటర్‌ని. ఇక్కడ వినపడే ప్రతి మాటా నేను అటు ఇంగ్లీషులో, ఇటు తెలుగులో చెప్తాను. ఏదీ వదలను, ఏదీ కలపను. మొదలుపెట్టండి."

రెండు నెలల తర్వాత నన్నొకరు అండీ అన్నారు. నాకు ఏం మాట్లాడాలో తోచక, "అమ్మా, మీదే ఊరు" అని అడిగాను. ఆమె దాన్ని వెంటనే ఇంగ్లీషులో చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ తననే అడిగాననుకుని ఏదో బదులిచ్చింది. "నేను ఇక్కడే పుట్టానండీ, మా నాన్నకి గోధుమ పొలం ఉండేది" అని ఫోన్లో ఆమె చెప్పింది. తెలుగు గొంతుకి సస్కటూన్‌లో గోధుమ పొలం ఎట్లా వచ్చిందా అని నేను తికమకపడి, సర్దుకున్నాక అప్పుడు అర్థమైంది, ఫోన్లో మనిషి గాజు పలక లాంటిదని. అవతల ఏది నిలబడితే అదే కనిపిస్తుంది.

అప్పుడే ఓనరు కాఫీ గ్లాసుతో వచ్చాడు. ఆమె వద్దని చెయ్యి ఊపింది. ఆయన గ్లాసు బల్ల మీద ఫోన్ పక్కనే పెట్టి, నావైపు తిరిగాడు. ఇప్పుడు నేను రాసేది మనందరికీ ఉన్న అలవాటు. లిఫ్టులో, బస్సులో, బ్యాంకు లైన్‌లో, తెల్లవాళ్ల ముందు నిలబడి తెలుగులో ఏమైనా అనేస్తాం. చుట్టూ గోడ ఉన్నట్టు ఉంటుంది మనకి. లావు, సన్నం, పిసినారి, పిచ్చి, అన్నీ నవ్వుతూ వాళ్ల మొహం మీదే అంటాం. ఇరవై ఏళ్లుగా ఆ గోడ వెనక బతికిన మనిషి ఆయన. ఇన్‌స్పెక్టరమ్మ వైపు మంచిగా నవ్వుతూ, నాతో తెలుగులో అన్నాడు:

"ఆ గదిలో పెట్టమని నేను చెప్పానన్నావంటే, నీ రెన్యూవల్ కాగితం చింపి పొయ్యిలో పెడతా. దీనికేం తెలుసు, తలకాయలో గుజ్జు లేని మనిషి. నవ్వుతా తలూపు."

నేను తల ఊపలేదు. ఫోన్ వైపు చూశాను.  ఆ వార్తలు చదివే గొంతే మొదలుపెట్టింది, ఇంగ్లీషులో. కోపం లేదు, వెటకారం లేదు. రూమ్ అంది. రెన్యూవల్ అంది. పేపర్ అంది. స్టవ్ అంది. ఆఖర్న బ్రెయిన్ అన్న మాట నాకు బాగా వినిపించింది. ఓనరు మొహం మీద నవ్వు తియ్యడం మర్చిపోయి అట్లాగే ఉంచుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ కాఫీ గ్లాసు కొంచెం అవతలికి జరిపి, ఆ పలక మీద రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది.

"గది ఎవరు చూపించారండీ?" అని ఫోన్ అడిగింది.

"సారే చూపించిండు. ఇంతకంటె వెచ్చని జాగ ఈ ఊర్ల లేదన్నడు. రగ్గు మాత్రం నాది" అన్నాను. ఓనరు మీద ఉన్నదేదో ఆయన మీదే పెట్టాను, నా మీద ఉన్నది నా మీద.

"కాగితం సంగతి నా శాఖ పని కాదు. కానీ విన్నది విన్నట్టు రాశాను. నా పై ఆఫీసుకి పంపుతాను" అని ఇన్‌స్పెక్టరమ్మ అన్నట్టు ఫోన్ చెప్పింది. ఓనరు ఏదో అనబోయి, ఫోన్ చూసి మానుకున్నాడు. ఇంగ్లీషు, తెలుగు రెండూ వచ్చిన మనిషికి ఆ రోజు రెండిట్లోనూ మాట లేకపోయింది.

ఇంత జరిగాక ఆమె నా పక్షం అనుకున్నాను. ఎవరి పక్షమూ కాదు. నావైపు తిరిగి నా కుడిచెయ్యి చూపించింది.

"మీరు చెయ్యి పిండిలో పెట్టకూడదండీ."

"పెట్టకపోతె పొంగదు."

"ఎందుకు పొంగదు?"

"చేతిల ఉంటది. అందరి చేతిల ఉండదు. నా చేతిల ఉంది."

"ఏముంటుందండీ?"

 మస్కట్ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసిన సంగతి చెప్పాను. ఫోన్లో ఆమె దాన్నంతా ఓపికగా చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ విని, పెద్ద గరిటె వాడండి అంది. ఇంకా చెప్పింది: ఫర్నేస్ గది వద్దు, వేడి సరిచూసుకునే అలమారా కావాలి. ఏ రోజు ఎన్ని గంటలకి రుబ్బావో బకెట్ మీద రాయాలి. పులుపు చూసే కాగితం ముక్కలుంటాయి, పిండిలో ముంచితే రంగు మారుతుంది, ఆ రంగు వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నిటికంటే ముందు, నానబెట్టిన దగ్గర్నుంచి పెనం మీద పోసేదాకా ఏ పని తర్వాత ఏ పని, ఎంతసేపు, ఎందుకు, అంతా కాగితం మీద రాసి ఇవ్వాలి. రెండు వారాలు గడువు. కాగితం బాగుంటే దోసె ఉంటుంది.

"ఎవరు రాయాలె?" అన్నాను.

"చేసేవాళ్లే రాయాలండీ."

"నాకు రాయరాదమ్మా."

ఫోన్లో ఆమె అది కూడా ఇంగ్లీషులో చెప్పేసింది. నాకు సిగ్గేసింది. ఇన్‌స్పెక్టరమ్మ కొంచెం ఆలోచించి, "తెలుగులో రాయండి. మా ఆఫీసులో తర్జుమా చేయించుకుంటాం" అంది. ఫోన్ పెట్టేసే ముందు ఆ తెలుగు గొంతు "ఉంటానండీ" అంది. అది ఇన్‌స్పెక్టరమ్మ అన్న మాటా, ఆమె సొంత మాటా, నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రెండు వారాలు నేను పడిన బాధ ఇంకెప్పుడూ పడలేదు. ఆర్డర్ రాసుకునే చీటీల వెనకవైపు రాశాను. బియ్యం నానెయ్యాలి అని రాస్తే, ఎంతసేపు? నానేదాకా. నానిందని ఎట్లా తెలుస్తుంది? గోటితో గిల్లితే తెలుస్తుంది. ఇది రాయొచ్చా? పన్నెండేళ్లుగా నా వేళ్లకి తెలిసిందాన్ని అక్షరాల్లో పెట్టడానికి గోడ గడియారం తెచ్చి ముందర పెట్టుకుని, నేను చేస్తున్న పనిని నేనే దొంగచాటుగా చూసుకున్నాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల రెండు రకాలుగా రాసి, వాళ్లకి నచ్చింది తీసుకుంటారని వదిలేశాను. మధ్యలో కోపం వచ్చి, 'మా పిండి తిని మా దగ్గర ఎవరూ చావలేదు' అని కూడా రాశాను. కొట్టెయ్యలేదు. మొత్తం ఇరవై ఒక్క చీటీలు. జీవితంలో నేను రాసిన మొదటి రాత అదే. ఇది రెండోది.

ఈలోపు ఓనరు నాతో మాట్లాడటం మానేశాడు. కావలసింది తెల్ల బోర్డు మీద రాసేవాడు. 'ఉప్మా ఎక్కువ.' 'నేల తుడువు.' పై ఆఫీసు నుంచి ఏదో ఉత్తరం వచ్చిందని అంట్లు తోమే ఫిలిప్పీన్స్ ఆమె సైగలతో చెప్పింది. దాని మహిమో, శని ఆదివారాలు అసలు దోసె లేక బల్లలు ఖాళీగా ఉండటం వల్లో, ఒక పొద్దున అలమారా వచ్చింది. దాని మీద చీటీ అంటించి ఉంది: 'పగలగొడితే నీదే బాధ్యత.'

కాగితం ఒప్పుకున్నామని చెప్పి, ఆఖరి పరీక్షకి వస్తున్నానని ఈసారి ఇన్‌స్పెక్టరమ్మ కబురు చేసింది. ముందు రోజు మధ్యాహ్నం పిండి రుబ్బాను. బకెట్ మీద టైం రాశాను. గరిటె చేతిలోకి తీసుకుని నిలబడ్డాను. వంటగదిలో ఎవరూ లేరు. చెయ్యి పెట్టినా చూసేవాళ్లు లేరు. పెట్టకపోతే పొంగదు, పొంగకపోతే రంగు మారదు, మారకపోతే దోసె లేదు, సంతకం లేదు. పెడితే, చీటీలో రాసిచ్చిన మాట తప్పినట్టు. కానీ నేను పెట్టకపోవడానికి అసలు కారణం మాట కాదు. అది పొంగకూడదనే నేను గరిటెతో కలిపాను. పొంగని పిండి ఆమె ముందు పెట్టి, చూశావా, ఇది నా చెయ్యి లేకపోతే ఇంతే, ఇప్పుడు పంపెయ్ నన్ను మా దేశం అని నిలబడదామనుకున్నాను. అంత కోపంగా ఉన్నాను.

తెల్లారి అలమారా తలుపు తీశాను. మూత కింద పడి ఉంది. పిండి బకెట్ అంచు దాటి కారి, కింద అరలో గడ్డకట్టింది. నా చెయ్యి పెట్టినప్పటి కంటే ఒక వేలు ఎక్కువే పొంగింది. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి కాగితం ముక్క ముంచింది. పచ్చగా ఉన్నది నారింజ రంగుకి తిరిగింది. ఆమె మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వి, నా చీటీల ఇంగ్లీషు కాగితం తీసి, దాంట్లో ఒక లైను వేలితో చూపించింది. ఎవరూ చావలేదన్న లైను అదేనని పక్కన వేసిన చీటీ అంకెని బట్టి తెలిసింది. దాన్ని కూడా తర్జుమా చేశారు. నేను నవ్వలేదు. ఓనరు ఆ సాయంత్రమే బోర్డు మీద దోసెల వరస మళ్లీ రాయించాడు. ఏప్రిల్‌లో నా కాగితం వస్తే నా మొహం చూడకుండా సంతకం పెట్టి, బల్ల మీద విసిరాడు. నేను ఏరుకున్నాను.

ఇంకో రెండేళ్లు అక్కడే పనిచేశాను. బోర్డు మీద రాతలే, మాటలు లేవు. ఈ దేశంలో ఉండిపోవచ్చు, ఎక్కడైనా పని చేసుకోవచ్చు అనే పీఆర్ కాగితం చేతికి వచ్చిన రోజు ఆప్రాన్ విప్పి, ఆ బోర్డు మీదే 'పోతున్న' అని రాసి బయటికొచ్చాను. ఇప్పుడు ఒక కాలేజీ వంటశాలలో సూప్ కాస్తాను. రుచి చూడకుండా అంకెలు చూసి కాసే సూప్. మా ఆవిడ వచ్చి నాలుగేళ్లయింది. ఇంట్లో పిండి ఆమే కలుపుతుంది, చెయ్యి పెట్టి. అది కూడా పొంగుతుంది. ఎవరు కలిపినా పొంగుతుందని నాకు ఆ రోజే తెలిసింది. మస్కట్‌లో ఆ పెద్దాయన నా గిన్నెని పొయ్యికి దగ్గరగా పెట్టి ఉంటాడని కూడా తర్వాత అనుకున్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా మా ఆవిడకి కూడా చెప్పలేదు. మాస్టర్ గారూ మీ చేతి మహిమ అని సంఘం వాళ్లు ఫోన్లో అంటే, అవునని ఊరుకుంటాను. ఇన్‌స్పెక్టరమ్మ మీద నా అసలు కోపం బ్లీచ్ పోసినందుకు కాదేమో. బ్లీచ్ బకెట్‌లో పోసింది. గరిటె నా చేతిలో పెట్టింది.

శనివారం షాపులో మా ఆవిడ నా చేతిలో డబ్బా లాక్కుని బుట్టలో వేసింది. "ఒక్కసారికి ఏమైతది, నీకు రుబ్బే పని తప్పుతది" అంది. మర్నాడు పొద్దున్నే దోసెలు పోసింది. ఎర్రగానే వచ్చాయి. నేను రెండు తిని, ఖాళీ డబ్బా కడుగుతూ మూత మీద తేదీ చూశాను. ఆ పిండి ఎన్ని రోజులు ఉంటుందో, ఏ రోజు పారెయ్యాలో ఎవరో రాసి పెట్టారు. ఏడేళ్ల కింద ఒక జనవరిలో నేను నా లోపల కలుపుకున్నదాని మీద ఎవరూ తేదీ వెయ్యలేదు. అది ఇంకా పులుస్తూనే ఉంది.